పరదా అవతలి చెయ్యి

1948 ఆగస్టు నెల. సికింద్రాబాద్ స్టేషన్‌కి నడక దూరంలో ఒక చిన్న ధర్మాసుపత్రి ఉండేది. అందులో ఒక మూల గది, ఒక చెక్క బల్ల, ఒక పౌడర్ డబ్బా, నేను. ఇవన్నీ కలిపితే ఫిజియోథెరపీ డిపార్ట్‌మెంట్. జనం మాత్రం ఆ గదిని మాలీష్ కమ్రా అనేవాళ్లు, నన్ను మాలీష్ నర్సింలు అనేవాళ్లు. యుద్ధం రోజుల్లో పూనాలో ఒక మిలటరీ ఆసుపత్రిలో ఇంగ్లీషు సిస్టర్ దగ్గర ఏడాదిన్నర తిట్లు తిని, ఎముకలూ కండరాలూ నరాలూ పేరుపేరునా బట్టీపట్టి వచ్చినవాణ్ణి. అలాంటివాణ్ణి నూనె సీసా పట్టుకుని బజార్లో తలలు రుద్దేవాళ్లతో జమకడితే ఒళ్లు మండిపోయేది. డెబ్బై దాటాక కూడా ఆ మంట పూర్తిగా చల్లారలేదు.

మా పనిలో పాసివ్ మూవ్‌మెంట్ అని ఒకటుంది. రోగి ఏమీ చెయ్యడు. చేతినో కాలినో మనకి అప్పగించి ఊరుకుంటాడు. మనమే ఆ కీలుని మెల్లగా వంచి, చాపి, తిప్పి, మళ్లీ దాని చోట పెడతాం. చూసేవాళ్లకి ఇదీ ఒక వైద్యమేనా అనిపిస్తుంది. కానీ నరం దెబ్బతింటే చెయ్యి తనంతట తాను కదలదు. కదలని కీలు కొన్ని వారాల్లోనే బిగుసుకుపోతుంది. మూడు నాలుగు నెలలకి నరం కోలుకున్నా, అప్పటికే కీలు బిగుసుకుని ఉంటే ఆ నరం వచ్చి ఏం లాభం? ఊరెళ్లినవాళ్ల ఇంటి తలుపుని పక్కింటివాళ్లు రోజూ ఒకసారి తీసి వేస్తుంటే బందులు తుప్పు పట్టవు. మేం చేసేదీ అంతే.

ఒకరోజు పొద్దున గఫార్ మియా వచ్చాడు. రెజిమెంటల్ బజార్లో దర్జీ. ఆఫీసర్ల యూనిఫారాలు కుట్టేవాడు. కోటు జేబుల మీదా టోపీల మీదా బంగారు జరీతో కుట్టే పటాలం బిళ్లలకి అతని దుకాణం పెట్టింది పేరు.

"నర్సింలు భాయ్, జెర తక్లీఫ్ వచ్చింది. మా ఇంట్లామె నీళ్ల హౌజు కాడ జారి పడ్డది. దండ బొక్క ఇరిగింది. మీ డాక్టరమ్మనే కట్టు కట్టింది. బొక్క అతుకుతదట గని, చెయ్యి సూడు, గిట్ల ఏలాడుతుంది" అంటూ తన మణికట్టుని కిందికి వేలాడేసి చూపించాడు.

దీన్ని రిస్ట్ డ్రాప్ అంటాం. భుజానికీ మోచేతికీ మధ్య ఎముక విరిగినప్పుడు, దాన్ని చుట్టుకుని వెళ్లే నరం నలిగితే మణికట్టు పైకి లేవదు, వేళ్లు చాపలేరు, బొటనవేలు పక్కకి తెరుచుకోదు.

"రేపు తీస్కరా మియా, చూస్త."

"గదే కదా భాయ్. మా ఇంట్ల పరదా. నువ్వు సూడొద్దు, ముట్టొద్దు. గని బాగు చెయ్యాలె."

"గట్లయితే ఒక ఉత్తరం రాసిస్త. సదువుకొని బాగుపడుమను" అన్నాను. నా నోరు అప్పట్లో అలాగే ఉండేది.

గఫార్ మియా కోప్పడలేదు, కుర్చీలోంచి లేవనూ లేదు. "ఎట్ల చేస్తవో నీ ఇష్టం" అని అక్కడే కూర్చున్నాడు. ఆసుపత్రిలో నర్సులు ఇద్దరే. ఈ పని వాళ్లకి రాదు, నేర్చుకునే తీరికా లేదు. కట్టు కట్టిన డాక్టరమ్మ ఆ సాయంత్రం నన్ను పిలిచి, ఎలాగోలా చూడు నర్సింలూ, మంచి వయసులో ఉన్న పిల్ల అంది. ఇక తప్పలేదు.

ముందు దుకాణం, వెనక ఇల్లు, మధ్యలో మందపాటి ఆకుపచ్చ పరదా. దుకాణం వైపు ఒక స్టూలు మీద నేను. నా ఎదురుగా గఫార్ మియా, తన కుడిచెయ్యి నాకు అప్పగించి. పరదా అవతల అతని భార్య జైనబ్. వీళ్లిద్దరికీ మధ్య గఫార్ తల్లి ఇమాంబీ. పెద్దామె కాబట్టి నా ముందుకి వచ్చేది. పరదా ఒక పక్కకి కొంచెం జరుపుకుని, తల మా వైపు, చేతులు అటువైపు పెట్టుకుని నిలబడేది. నేను గఫార్ చేతికి ఏం చేస్తే ఆమె అది చూసి కోడలి చేతికి చెయ్యాలి. ఇదీ మా ఏర్పాటు.

గఫార్ తానే చెయ్యొచ్చు కదా అని మీరు అడుగుతారు. మొదటిరోజు అతనే చేశాడు. లోపలినుంచి అబ్బా అని ఒక చిన్న మూలుగు వినబడింది. ఆ వెంటనే అతను తెల్లగా పాలిపోయిన మొహంతో బయటికి వచ్చేశాడు.

"గిది వీని తోని కాదు బిడ్డా" అంది ఇమాంబీ. "అది అబ్బా అంటే వీడు ఏడుస్తడు. నాకు చెప్పు, నేను చేస్త."

రోగిలా కూర్చోవడం కూడా గఫార్‌కి చేతకాలేదు. పాసివ్ అంటే ఏమీ చెయ్యకూడదు. కానీ మర్యాదస్తుడు, తన చేతిని ఇంకొకరు మోస్తుంటే ఊరికే కూర్చోవడం అతనికి ఎబ్బెట్టు. నేను ఎత్తేలోపే తనే ఎత్తేవాడు.

"నువ్వేం చెయ్యకు మియా."

"నేనేం చేస్తలేను భాయ్."

"చేస్తున్నవ్. చెయ్యి నాకు ఇడిసిపెట్టు."

"నువ్వు మోస్తుంటే నాకు షరమ్ అయితుంది. గంత బరువుందా నా చెయ్యి?"

అవతలినుంచి మెత్తటి నవ్వు ఒకటి వినబడింది. మూలుగు కాకుండా జైనబ్ గొంతు నేను మొదటిసారి విన్నది ఆ నవ్వులోనే.

మణికట్టుని పైకి ఎత్తడం, వేళ్లు ఒక్కొక్కటిగా చాపడం, బొటనవేలిని చూపుడువేలి నుంచి పక్కకి తెరవడం. ఎత్తు, ఆపు, దించు అని నేను లెక్క పెడితే ఇమాంబీ చేసేది. ఒక కీలు ఎంతమేర కదులుతుందో దాన్ని రేంజ్ అంటాం. ఆ మేర దాటించి లాగితే లోపల చీరుకుంటుంది, ఎముక సర్దుతామని లాగే పహిల్వాన్లు చేసే నష్టం అదే. అందుకని ఇమాంబీకి గట్టిగా చెప్పాను. "సూడమ్మా, మియా ఏలు యాడిదాక పోతుందో గాడిదాకనే. దాటొద్దు." ఎంత బాగా చెప్పానో అనుకుని ఆ పూట ఇంటికి వెళ్లాను.

చేతిని చూడకుండా ఎలా పరీక్షించాలన్నదానికీ ఒక దారి దొరికింది. వారానికోసారి జైనబ్ చేతిని ఖాకీ గుడ్డ మీద తెరిచి పెట్టి, దర్జీ సుద్దతో చుట్టూ గీసి ఇమ్మన్నాను. మణికట్టు వేలాడిపోకుండా ఎత్తి ఉంచడానికి రేకుతో ఒక స్ప్లింట్, అంటే ఊతబద్ద, చేసి ఇచ్చాను. గఫార్ దానికి మెత్తటి అస్తరు కుట్టాడు. ఆ కుట్టు చూస్తే స్ప్లింట్‌కి కాదు, సేనాధిపతి కోటుకి వేసినట్టుండేది.

పని అయ్యాక చాయ్ వచ్చేది. పరదా కింది అంచు కొంచెం లేచి, కప్పూ సాసరూ పట్టుకున్న ఇమాంబీ చెయ్యి బయటికి వచ్చేది. ముడతలు పడ్డ వేళ్లు, లావాటి వెండి ఉంగరం, ఆకుపచ్చ గాజులు. పరదా అవతలినుంచి నేను ఎరిగిన చెయ్యి అదొక్కటే.

రెండు మూడు వారాలు గడిచాయి. నేను దుకాణంలో ఉన్న సమయంలోనే ఎవరో ఒకరు వచ్చి జరీ బిళ్లల కోసం అడిగేవారు. గఫార్ ప్రతిసారీ ఒకటే మాట చెప్పేవాడు. "జరీ కుట్టే కారీగర్ ఊరికి పోయిండు సాబ్. రాంగనే చేసిస్త."

"ఏ ఊరు మియా? ఎప్పుడొస్తడు?" అని ఒకరోజు నేనే అడిగాను. గఫార్ వినబడనట్టు దారం కొరుక్కుంటూ కూర్చున్నాడు.

పరదా అంచున నిలబడ్డ ఇమాంబీ ఊరుకోలేకపోయింది. "ఏ ఊరికి పోలే బిడ్డా. కారీగర్ గీడనే ఉంది. నువ్వు బాగు చేస్తున్నవే, గా చెయ్యే కారీగర్. వీడు కోట్లు కుడతడు, బిళ్ల మీద ఒక్క కుట్టు సుత వీనిది కాదు."

గఫార్ తల దించుకున్నాడు. బిళ్లలన్నీ జైనబ్ చేతి పనే. చెక్క చట్రానికి మఖ్మల్ గుడ్డ బిగించి, కుడిచెయ్యి పైన, ఎడమచెయ్యి కింద పెట్టి, సన్నటి బంగారు తీగతో కుట్టే జర్దోసీ. ఆమె తండ్రి నేర్పిన విద్య. ఆ చెయ్యి లేకపోతే గఫార్ దుకాణానికి మిగిలేది చిరుగులకి మాసికలు వెయ్యడమే. అప్పుడు పరదా అవతలినుంచి నన్ను ఉద్దేశించి జైనబ్ మొట్టమొదటిసారి మాట్లాడింది.

"అన్నా, మల్ల సూది పట్టొస్తదా?"

వస్తుందని చెప్పెయ్యాలని ఎంతగా అనిపించిందో. కానీ అబద్ధం చెప్పలేకపోయాను. "నరం తెగలేదనే అనుకుంటున్న చెల్లే. తెగకపోతే మూడు నాలుగు నెలలల్ల రావాలె. ఖాయంగ వస్తదని మాత్రం నేను చెప్పలేను. గని అది వచ్చేదాక కీళ్లు మెత్తగ ఉంచుడు మన పని."

"అత్త చేస్తది. నేను ఏం చెయ్యాలె?"

"ఏం చెయ్యొద్దు. చెయ్యి ఇడిసిపెట్టాలె."

"గదే కష్టం అన్నా" అంది.

సెప్టెంబర్లో పోలీస్ యాక్షన్ వచ్చింది. అంతకు ముందునుంచే ఊరు బిక్కుబిక్కుమంటూ ఉంది. రజాకార్ల గోల ఒకవైపు, పుకార్లు ఒకవైపు. ఆ రోజుల్లో దుకాణాలు మూతపడ్డాయి, జనం తలుపులు వేసుకుని రేడియోలకి చెవులు అప్పగించారు. మా ఆసుపత్రిలో ఉన్నవాళ్లం ఉన్నట్టే ఉండిపోయాం. పది పన్నెండు రోజులు నేను ఆ గల్లీ వైపు వెళ్లలేకపోయాను. నైజాం రాజ్యం పోయిందని చుట్టూ సంబరం. నాకూ సంతోషమే, దాచుకోవడం దేనికి. కానీ ఆ ఆకుపచ్చ పరదా గుర్తొస్తూ ఉండేది. తప్పు చేసినవాళ్ల మీది కోపం ఏ తప్పూ ఎరగనివాళ్ల తలుపు తడుతుందేమోనని భయం.

వెళ్లేసరికి దుకాణం మూసి ఉంది. తలుపు తట్టాను. లోపల అలికిడి ఆగిపోయింది. చాలాసేపటికి "ఎవలు?" అన్నాడు గఫార్ గడియ తియ్యకుండానే.

"నేను మియా. మాలీష్ నర్సింలును."

నా నోటితో నేను ఆ పేరు చెప్పుకోవడం అదే మొదలు, అదే ఆఖరు. గడియ తీసిన చప్పుడైంది. గఫార్ నన్ను గట్టిగా కౌగిలించుకున్నాడు. నాకు కళ్లనీళ్లు వచ్చాయి, అతనికీ వచ్చాయి. వెనకనుంచి ఇమాంబీ వచ్చి, మామూలు రోజులాగే స్టూలు తెచ్చి వేసింది.

"రోజుకు మూడు సార్లు చేసిన బిడ్డా. బయట ఏమైతుందో ఎవలకు ఎరుక? లోపల మాత్రం ఎత్తు, ఆపు, దించు. ఏం తోచకపోతే ఇంకోసారి ఎత్తు, ఆపు, దించు."

సుద్దతో గీసిన ఖాకీ గుడ్డ చేతికిచ్చింది. చూడగానే నా ఉత్సాహం చప్పబడిపోయింది. వేళ్లు బాగానే చాపుకున్నాయి. బొటనవేలు మాత్రం దగ్గరికి జరిగిపోయింది. ఆగస్టులో గీసిన గుడ్డ పక్కన పెట్టి చూస్తే, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందు బాగా తగ్గింది. అక్కడి చర్మం, కండరం బిగుసుకుపోతున్నాయన్నమాట. ఆ సందు తెరుచుకోకపోతే, రేపు నరం వచ్చినా సూది పట్టడం కల్ల.

"బొటనేలు చేస్తలేవా అమ్మా?"

"రోజూ చేస్తున్న."

ఆ గుడ్డలు ఇంటికి తీసుకెళ్లి రెండురోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. రోజూ తెరుస్తుంటే ఎలా బిగుస్తుంది? మూడోరోజు వెళ్లేసరికి గఫార్ చాన్నాళ్ల తర్వాత దుకాణం తెరిచి, గుడ్డ కత్తిరిస్తున్నాడు. పెద్ద దర్జీ కత్తెర. దాని కన్నంలో ఇరవై ఏళ్లుగా ఉంటున్న బొటనవేలు, పక్కన ఎముకలా గట్టిపడిన కాయ. నా చూపు అక్కడే నిలిచిపోయింది.

"మియా, కత్తెర పక్కన పెట్టు. చెయ్యి తెరువు. బొటనేలు ఇంకా తెరువు."

"గింతే తెరుసుకుంటది భాయ్."

జైనబ్ చేతిని గీసిన గుడ్డ పరిచి, దాని మీద అతని చెయ్యి పెట్టించాను. బొటనవేలి సందు సుద్ద గీతకి సరిగ్గా అతికినట్టు సరిపోయింది.

"అమ్మా, బొటనేలు యాడిదాక తెరుస్తున్నవ్?"

"నువ్వు చెప్పినంతనే. నా కొడుకు ఏలు యాడిదాక పోతే గాడిదాక. ఇంకా పోతది అత్తా, ఇంకా తెరువమని జైనబ్ మస్తు సార్లు అన్నది. నేనే వద్దన్న. నర్సింలు దాటొద్దన్నడు, నువ్వు ఊకో అన్న."

నాకు ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది. ఇమాంబీ నా మాటని అక్షరాలా పాటించింది. కత్తెర పట్టి బిగుసుకుపోయిన వేలిని కొలతగా ఇచ్చింది నేను. పరదా వెనక ఆ పిల్ల ఇంకా పోతుంది, ఇంకా పోతుంది అని మొత్తుకుంటుంటే, నా మాటే ఆమె నోరు మూయించింది. పూనా సిస్టర్ ఉంటే రూళ్లకర్రతో నా వేళ్ల మీద రెండు తగిలించేది. రోగికి కొలత రోగి రెండో చెయ్యే అని ఆవిడ మొదటిరోజే చెప్పింది. నేను పరదా గొడవలో పడి అదే మరిచిపోయాను.

"తప్పు నాది చెల్లే" అన్నాను పరదా వైపు చూస్తూ. "ఇయ్యాల్టి నుంచి మియా చెయ్యి వద్దు. నీ ఎడమ చెయ్యి ఎంత తెరుసుకుంటే కుడిది అంత కావాలె. ఇంకా పోతది అని నువ్వంటే అత్త నీ మాటనే ఇనాలె."

"ఇంటవా అత్తా?" అంది జైనబ్. ఇమాంబీ నాలుక కరుచుకుంది.

గోరువెచ్చటి నీళ్లలో చెయ్యి నానబెట్టి, మెల్లగా తెరిచి, అక్కడే కాసేపు ఆపి. మూడు వారాలు పట్టింది. మూడో వారం గుడ్డ మీద రెండు చేతుల గీతలూ సమానంగా వచ్చాయి. ఈ సందట్లో ఇమాంబీ కొడుకు బొటనవేలిని కూడా వదల్లేదు. రోజూ అన్నం తిన్నాక పట్టుకుని తెరుస్తుంటే, ఇంత వయసులో నాకెందుకమ్మీ అని గఫార్ దుకాణమంతా పరుగెత్తేవాడు.

కీళ్లు మెత్తబడ్డాయి. నరం జాడ మాత్రం లేదు. అక్టోబర్ పోయింది, నవంబర్ పోయింది. గఫార్ పాత గిరాకీ అంతా నైజాం సైన్యం ఆఫీసర్లే. వాళ్లు ఎటు పోయారో తెలియదు. కంటోన్మెంటుకి కొత్త పటాలాలు వచ్చాయి. అందులో ఒక కెప్టెన్ సాబ్ గఫార్ పాత బిళ్ల ఒకటి ఎక్కడో చూసి వెతుక్కుంటూ వచ్చాడు. మెస్ విందుల్లో వేసుకునే తమ కోట్లకి అలాంటివే కావాలి. జనవరి ఆఖరికి ఇస్తే సరే, లేకపోతే ఇంకో దుకాణం చూసుకుంటానన్నాడు.

"కారీగర్ తొవ్వలనే ఉన్నడు సాబ్" అన్నాడు గఫార్. ఆయన వెళ్లాక నావైపు తిరిగి, "చెయ్యి రాకపోతే దుకాణం బంద్ చేసి మా అన్న కాడ పని చేసుకుంట భాయ్. నాదేమున్నది. మా ఇంట్లామె చట్రం ముంగట ఒట్టిగ కూసొని దాన్ని తడుముకుంటది, గదే సూడలేక పోతున్న" అన్నాడు.

వెళ్లినప్పుడల్లా మణికట్టు ఎత్తమని చెప్పేవాణ్ణి. ప్రతిసారీ "లేస్తలేదు బిడ్డా" అని ఇమాంబీ గొంతు. డిసెంబర్ మొదట్లో ఒకసారి ఆ మాట విన్నాక, దారిలో నాలో నేనే గొణుక్కుంటూ నడిచాను. నరం తెగిందేమో, అనవసరంగా ఆశ పెట్టానేమో అని.

తర్వాతి వారం మధ్యాహ్నం వెళ్లాను. ఇమాంబీ పరదా దగ్గరికి రాలేదు. "ముందుగాల చాయ్ తాగు బిడ్డా" అంది లోపలినుంచి. చాయ్ ఎప్పుడూ పని అయ్యాకే వచ్చేది. ఇదేమిటా అనుకుంటుండగా పరదా అంచు లేచింది. సాసర్ మీద కప్పు గలగలలాడుతూ బయటికి వచ్చింది. పట్టుకున్న చేతికి వెండి ఉంగరం లేదు. చూపుడువేలి కొన మీద సూది పోట్ల మచ్చలు. బొటనవేలు సాసర్ పైన, మిగతా వేళ్లు కింద. మణికట్టు కొంచెం వణుకుతోంది, కానీ లేచి నిలబడి ఉంది. నిండు కప్పు, దాని కింద నిటారుగా మణికట్టు.

నేను గుడ్లప్పగించి చూస్తూ ఉండిపోయాను. గఫార్ చేతిలో కత్తెర కింద పడింది.

"అన్నా, జెర జల్ది పట్టుకో. చెయ్యి గుంజుతుంది" అంది జైనబ్. అప్పుడు గానీ నాకు తెలివి రాలేదు. సాసర్ అంచు పట్టుకుని అందుకున్నాను. అవతల అత్తాకోడళ్లు విరగబడి నవ్వుతున్నారు. నేను పోయినసారి వచ్చి వెళ్లిన మర్నాడే మణికట్టు లేచిందట. నాకూ గఫార్‌కీ చెప్పకుండా, ముందు ఖాళీ కప్పుతో, తర్వాత నీళ్ల కప్పుతో రోజూ సాధన చేశారట. ఆ చాయ్‌లో చక్కెర మరిచిపోయారు. అంత మంచి చాయ్ నేను మళ్లీ తాగలేదు.

ఆ తర్వాత వేళ్లు, అన్నిటికన్నా ఆఖర్న బొటనవేలు. జనవరిలో ఆమె చట్రం ముందు కూర్చుంది. మొదటి బిళ్ల కుట్టి మళ్లీ విప్పిందట, తనకే నచ్చక. కెప్టెన్ సాబ్ వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. బిళ్ల వెలుతురుకి పెట్టి, తిప్పి తిప్పి చూసి, "కారీగర్ వచ్చేసినట్టున్నాడే" అన్నాడు ఉర్దూలో.

గఫార్ కత్తెర పక్కన పెట్టి లేచాడు. "యాడికి పోలేదు సాబ్. ఇంట్లనే ఉన్నది. మా ఇంట్లామె." అతనికి తెలియకుండానే తెలుగులో చెప్పేశాడు, మళ్లీ ఉర్దూలో చెప్పాల్సొచ్చింది. రెండోసారి ఇంకా గట్టిగా చెప్పాడు.

ఆ తర్వాత మూడు దశాబ్దాలు ఈ పని చేశాను. ఎవరు ఏ కీలు నొప్పితో వచ్చినా ముందు రెండోవైపు కీలు చూసేవాణ్ణి. పాపం, రోగులు కంగారుపడేవాళ్లు, నొప్పి అటువైపు కాదు డాక్టర్ సాబ్ అని. ఇంకా పోతుంది అని రోగి అంటే వినేవాణ్ణి, చాలు అంటే ఆగేవాణ్ణి.

పోయిన ఏడాది నాకే మోకాలి ఆపరేషన్ అయింది. మా ఏ.ఎస్. రావు నగర్లోని క్లినిక్‌లో కాలు ఒక మిషన్ మీద పెట్టారు. బటన్ నొక్కితే అదే వంచుతుంది, అదే చాపుతుంది. ఫిజియోథెరపిస్ట్ పాతికేళ్ల అమ్మాయి. మోకాలు ఎంతవరకు వంచాలో మిషన్‌లో ఒక నంబరు పెట్టబోతుంటే, ముందు నా రెండో మోకాలు చూడమ్మా అన్నాను. ఎందుకంది. మిషన్ నా కాలుని ఎత్తుతూ దించుతూ ఉంటే, పరదా మాట ఎత్తకుండా, ఒక కారీగర్ చేతికి నేను తప్పు కొలత ఇచ్చిన సంగతి చెప్పాను. ఆ అమ్మాయి నోరు తెరుచుకుని వింది.

"మీరు మొదటిసారి ఆ చెయ్యి పట్టుకున్నప్పుడు కీళ్లు ఎలా ఉన్నాయి సార్? మెత్తగానే ఉన్నాయా?" అని అడిగింది.

"నేను పట్టుకోలేదమ్మా" అన్నాను. "చాయ్ మాత్రం అందుకున్నాను."